పాత కారులో చార్జింగ్ రావట్లేదా? డైనమో తీసేసే ముందు ఇవి చూడండి

పాత అంబాసిడర్‌నో ఫియట్‌నో చార్జింగ్ రావట్లేదని షాపుకి తీసుకెళ్తే ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లో దాదాపు ఎక్కడైనా ఒకటే మాట వినిపిస్తుంది: "డైనమో పోయిందండి, తీసేసి ఆల్టర్నేటర్ వేయించేద్దాం." డైనమోల (బెల్టుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే పాత రకం జనరేటర్ల) మీద చెయ్యి తిరిగిన పాత ఎలక్ట్రీషియన్లు తగ్గిపోయారు, ఇప్పటి కుర్రాళ్లకి ఆ పని నేర్పేవాళ్లు లేరు, కాబట్టి తెలియని వస్తువుని పోయిందనేయడం తేలికైపోయింది. నేను చూసినంతలో అలా పాత ఇనుముకి వెళ్లిపోయిన డైనమోల్లో చాలావాటికి కావల్సింది ఒక జత కార్బన్లు (తిరిగే భాగానికి ఆని కరెంటు తీసుకునే బ్రష్‌లు), లేదా గీకి బిగించిన ఒక ఎర్త్ వైరు, అంతే. తప్పు డైనమోలో ఉందా కటౌట్‌లో (డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే స్విచ్చి, రెగ్యులేటర్‌తో పాటు ఒకే పెట్టెలో ఉంటుంది) ఉందా అని ముందు రెండుగా విడదీసి చూడకుండా ఏ సామానూ మార్చకండి. ఆ విడదీసే పరీక్షకి కావల్సినవి ఒక జానెడు వైరు, ఒక మీటరు.

ముందు ఏది రోగం కాదో చెప్తాను, ఎందుకంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. డైనమో ఆల్టర్నేటర్ లాగా ఐడిలింగ్‌లో చార్జ్ చెయ్యదు. అది నిమిషానికి వెయ్యి చుట్లు పైన తిరిగితే గానీ కటౌట్ కలవదు, నిండు కరెంటు ఇవ్వాలంటే రెండు వేల పైమాటే. కాబట్టి రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎర్ర లైటు మినుకుమినుకుమంటున్నా, రాత్రి కాలవ గట్టు మీద గోతులు తప్పించుకుంటూ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అమ్మీటరు ముల్లు డిశ్చార్జ్ వైపు ఉన్నా అది మామూలే. వేగం అందుకోగానే లైటు పూర్తిగా ఆరిపోయి ముల్లు చార్జ్ వైపు రావాలి. రాకపోతేనే వెతకాలి.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఈ బండ్లలో ఎక్కువగా కనిపించే లూకాస్ సి40 తరహా డైనమో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు, అంతకుముందు సి39 రకం ఇచ్చేది 19. పాత 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి ఏడున్నర ఆంపియర్లు తింటాయి, ఇగ్నిషన్‌కి మూడో నాలుగో పోతాయి, ఇంకా మిగులుతుంది. ఎవరో వెలుగు చాలట్లేదని 100 వాట్ల హాలోజన్ బల్బులు వేశారనుకోండి, ఆ రెండింటికే 16 ఆంపియర్లు దాటిపోతాయి. ఆ పైన మ్యూజిక్ సిస్టమ్, వైపర్లు, పెళ్లి బండి అని పెట్టిన సీరియల్ లైట్లు కూడా ఉంటే ఏ తప్పూ లేని డైనమో కూడా బ్యాటరీకి ఏమీ మిగల్చలేదు.

ఇక పని. బానెట్ ఎత్తే ముందు లుంగీ, కండువా పక్కన పెట్టి ప్యాంటు వేసుకోండి, నవ్వులాటకి కాదు, ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ పక్కనే చెయ్యి పెట్టి చేసే పని ఇది. చేతి గడియారం, ఉంగరం తీసేయండి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి చెక్క అడ్డం పెట్టి ఉండాలి. మీటరు ముల్లు ఉన్న పాత రకమైతే మరీ మంచిది. డైనమో కార్బన్ల దగ్గర వచ్చే నిప్పురవ్వల వల్ల డిజిటల్ మీటర్ అంకెలు ఒక్కోసారి పిచ్చిగా మారిపోతుంటాయి, ముల్లు అయితే నిదానంగా ఎంతో చూపిస్తుంది.

బ్యాటరీని బయట చార్జర్ మీద నిండా ఎక్కించి, కొన్ని గంటలు వదిలేసి కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు, 12 కంటే కిందకి జారిపోతే ఆ బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా తప్పుదారి పట్టిస్తుంది. తర్వాత ఫ్యాన్ బెల్టు. రెండు పుల్లీల మధ్య పొడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కితే అర అంగుళం వంగాలి. లోపలి అంచులు అద్దంలా నున్నగా మెరుస్తుంటే బెల్టు జారుతోందని అర్థం, దాన్ని ఇంకా బిగించి లాభం లేదు, మార్చేయండి. మరీ బిగిస్తే డైనమో బేరింగు, వాటర్ పంపు బేరింగు రెండూ పోతాయి.

ఎర్ర లైటు చెప్పే మాట చాలామంది సరిగ్గా వినరు. ఆ బల్బు ఒక కొస ఇగ్నిషన్ స్విచ్చికి, రెండో కొస డైనమో డి టెర్మినల్‌కి (డైనమో కరెంటు బయటికి వచ్చే చోటుకి) కలిసి ఉంటుంది, అంటే రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరిపోతుంది, తేడా ఉంటే వెలుగుతుంది. తాళం తిప్పగానే వెలిగి, ఎంత రేజ్ చేసినా అదే వెలుగుతో ఉండిపోతే డైనమో నుంచి ఏమీ రావట్లేదు. రేజ్ చేస్తే ఆరినట్టే ఆరి, ఇంకా వేగం పెంచే కొద్దీ మళ్లీ ఎక్కువగా వెలుగుతుంటే సంతోషించండి, డైనమో బ్రహ్మాండంగా పనిచేస్తోంది, దాని వోల్టేజీ బ్యాటరీని దాటిపోయింది కానీ కటౌట్ కలవట్లేదు, లేదా కటౌట్ నుంచి బ్యాటరీకి వెళ్లే దారి తెగింది. ఎంత వేగంలోనైనా సన్నగా గుడ్డిగా వెలుగుతూనే ఉంటే కటౌట్ పాయింట్లు కాలి ఉన్నాయి, లేదా ఆ వైర్ల కొసలు తుప్పు పట్టాయి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే ముందు బల్బు చూడండి, అయితే బల్బు మాడితే చార్జింగ్ ఆగిపోదు, ఆల్టర్నేటర్‌లా డైనమోకి ఆ బల్బుతో అవసరం లేదు. బల్బు బాగుండి కూడా వెలగకపోతే డి వైరు తెగి ఉండాలి, లేదా లోపల కార్బన్లు ఆనట్లేదు. ఇంకొకటి కూడా ఉంది, అది ప్రమాదం: కటౌట్ పాయింట్లు అతుక్కుపోయినా లైటు వెలగదు. అప్పుడు ఇంజన్ ఆపినా బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోతూనే ఉంటుంది, లావు వైరు వేడెక్కుతుంది, అమ్మీటరు ఉంటే ముల్లు డిశ్చార్జ్ చివరికి కొట్టేస్తుంది. వెంటనే బ్యాటరీ టెర్మినల్ ఊడదీయండి, మిగతా ఆలోచన తర్వాత.

అసలు పరీక్షకి ముందు మీ డైనమో ఏ రకమో తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసే వాళ్లే సామాను కాల్చేసుకుంటారు. లూకాస్ డైనమోలో ఫీల్డ్ కాయిల్ (అయస్కాంతాన్ని పుట్టించే చుట్ట) ఒక కొస లోపలే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది, కాబట్టి ఎఫ్ టెర్మినల్‌కి (ఫీల్డ్ కాయిల్ బయటి కొసకి) డి నుంచి కరెంటు ఇస్తే అది పుంజుకుంటుంది. విల్లీస్ జీపుల్లో వచ్చే ఆటోలైట్ లాంటి అమెరికన్ డైనమోల్లో కథ తిరగబడుతుంది, ఫీల్డ్ ఒక కొస లోపల ఔట్‌పుట్ బ్రష్‌కి కలిసి ఉంటుంది, ఎఫ్‌ని ఎర్త్ చేస్తే పుంజుకుంటుంది. మీదేదో తెలియకపోతే వైర్లు రెండూ ఊడదీసి, కార్బన్ల కింద (వాటిని ఎలా చేరాలో ముందు ముందు చెప్తాను) మందపాటి కాగితం ముక్కలు దూర్చి, ఎఫ్ నుంచి బాడీకి ఓమ్స్ కొలవండి, తర్వాత ఎఫ్ నుంచి ఔట్‌పుట్‌కి కొలవండి. ఏ వైపు కొన్ని ఓమ్స్ చూపిస్తే ఫీల్డ్ ఆ వైపు కలిసి ఉన్నట్టు. ఇక్కడి నుంచి నేను చెప్పేది లూకాస్ రకానికి.

డైనమో వెనక రెండు టెర్మినళ్లు ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లకీ గుర్తు పెట్టి ఊడదీయండి, కొసలకి టేపు చుట్టండి. రేడియో చప్పుడు రాకుండా పెట్టిన కండెన్సర్ డి దగ్గర ఉంటే అది కూడా తీసేయండి, అది లోపల షార్ట్ అయితే మంచి డైనమో కూడా సున్నా చూపిస్తుంది. ఇప్పుడు జానెడు వైరుతో డి, ఎఫ్ రెండూ కలపండి. మీటరు ఒక తీగ ఆ కలిపిన చోట, రెండోది డైనమో బాడీ మీద పెయింటు గీకి మెరిసే చోట పెట్టండి. బాడీ అన్నాను, చాసిస్ కాదు. బ్రిటిష్ మూలం ఉన్న పాత బండ్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయి ఉంటుంది, అలాంటప్పుడు మీటరు తీగలు తిరగేసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్ నుంచి యాక్సిలరేటర్ నెమ్మదిగా పెంచండి. వోల్టేజీ తడబడకుండా గబగబా పైకి పోవాలి, 14, 15 దాటి 20 వైపు వెళ్తుంటే ఆపేయండి. ఎంతదాకా పోతుందో చూద్దామని రేజ్ చెయ్యకండి, ఇప్పుడు దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ లేదు, వైండింగ్ మాడిపోతుంది.

అలా పుంజుకుంటే డైనమో నిర్దోషి, మీరు కటౌట్ వైపు వెళ్లాలి. పుంజుకోకపోతే మీటరు ఎక్కడ ఆగిందో చూడండి. సున్నా అయితే కార్బన్లు ఆనట్లేదు, లేదా అయస్కాంతపు జీవం పోయింది. ఒకటి, రెండు వోల్టుల దగ్గర ఆగితే ఫీల్డ్ వైపు అనుమానం. నాలుగైదు దాకా వచ్చి ఇంక కదలకపోతే ఆర్మేచర్, అంటే లోపల తిరిగే చుట్టల భాగం.

సున్నా వచ్చిందని కంగారు పడొద్దు, మన వైపు నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. వానాకాలమంతా షెడ్డులో నిలబెట్టిన బండి, గాలిలో తడి, నర్సాపురం అంతర్వేది వైపైతే ఆ గాలిలో ఉప్పు కూడా, ఇక కార్బన్ల పొడి చెమ్మగిల్లి హోల్డర్‌లో గట్టిపడి కార్బన్ పట్టేస్తుంది. పాత రకాల్లో వెనక భాగంలో కిటికీలు, వాటి మీద ఒక బ్యాండు ఉంటాయి, బ్యాండు జరిపితే కార్బన్లు కనిపిస్తాయి. సి40 లాంటి వాటికి కిటికీలు లేవు, రెండు పొడుగు బోల్టులు తీసి వెనక మూత లాగాలి. కార్బన్ తోకవైరు పట్టుకుని మెల్లగా లాగి వదిలితే స్ప్రింగు బలానికి టక్కున వెనక్కి రావాలి. రాకపోతే హోల్డర్‌ని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, కార్బన్ పక్కలని సన్నటి ఆకురాయితో కొద్దిగా రుద్దండి. కార్బన్ పొడవు ఏడు మిల్లీమీటర్లకి తగ్గితే మార్చేయడమే. పెట్రోలు వాడినప్పుడు అది పూర్తిగా ఆరేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి.

మూత తీసినప్పుడు కమ్యుటేటర్‌ని (కార్బన్లు ఆని ఉండే రాగి రేకుల చక్రాన్ని) ఓపిగ్గా చూడండి. నున్నగా ముదురు గోధుమ రంగులో ఉంటే ముట్టుకోవద్దు. మసి పట్టి ఉంటే పెట్రోలు గుడ్డ చాలు, అప్పటికీ పోకపోతే సన్నటి గ్లాస్ పేపరు. ఎమెరీ పేపరు మాత్రం ఎంత సన్నదైనా వాడొద్దు, దాని రవ్వలు రాగిలో గుచ్చుకుని కార్బన్లని అరగదీస్తాయి. గాడి పడిపోతే లేత్ మీద పల్చగా కోయించాలి, కోయించాక రాగి రేకుల మధ్య మైకాని సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతుకి తీయాలి, పక్కలు అరగదీసిన హ్యాక్సా బ్లేడుతో ఆ పని చేస్తారు. లేత్ వాళ్లు కోసి ఇచ్చేసి ఈ రెండో పని వదిలేస్తుంటారు, అడిగి చేయించుకోండి, లేకపోతే మైకా పైకి లేచి కార్బన్ ఎగిరి కొడుతుంది. ఎదురెదురుగా ఒకటి రెండు రేకులు మాత్రమే నల్లగా కాలి ఉంటే ఆర్మేచర్ కాయిల్ తెగింది. మూత లోపలి గోడకి సీసం చుక్కలు అంటుకుని ఉంటే డైనమో బాగా వేడెక్కి సాల్డరింగ్ కరిగి చిమ్మింది. ఆర్మేచర్ ఒంటి మీద మెరిసే గీతలుంటే వెనక బుష్ (షాఫ్టుని మోసే చిన్న గొట్టం) అరిగిపోయి ఆర్మేచర్ పోల్ షూలకి (ఫీల్డ్ కాయిల్ చుట్టి ఉండే ఇనుప దిమ్మలకి) రాసుకుంటోంది. కొత్త బుష్ వేసే ముందు దాన్ని పల్చటి ఇంజన్ ఆయిల్లో 24 గంటలు నానబెట్టాలి, అది ఆయిల్ పీల్చుకునే రకం. వెనక రంధ్రంలో అప్పుడప్పుడు రెండు మూడు చుక్కల ఆయిల్ వేస్తే బుష్ ఏళ్ల తరబడి ఉంటుంది, ఎక్కువ పోస్తే కమ్యుటేటర్ మీదకి కారి కొత్త గొడవ.

మీటరుతో చూసేవి రెండు. కమ్యుటేటర్ రేకు నుంచి ఆర్మేచర్ షాఫ్టుకి అసలు కనెక్షన్ చూపించకూడదు. కార్బన్ల కింద కాగితం పెట్టే ఉంచి ఎఫ్ నుంచి బాడీకి కొలిస్తే ఈ డైనమోల్లో ఆరు ఓమ్స్ చుట్టుపక్కల రావాలి. అసలు ఏమీ రాకపోతే ఫీల్డ్ తెగింది, సున్నా అయితే ఎక్కడో బాడీకి తగిలింది, ఎక్కువగా ఎఫ్ టెర్మినల్ దగ్గర తీగ పైనున్న గుడ్డ చిరిగిన చోటే అది జరుగుతుంది, ఆ ఒక్క చోట స్లీవు తొడిగితే సరిపోతుంది. పోల్ షూ స్క్రూలు ఇంట్లో ఊడవు, ఫీల్డ్ కాయిల్ మార్చాల్సి వస్తే షాపుకే ఇవ్వండి.

వైండింగ్ గురించి ఒక మాట. భీమవరం చుట్టూ చెరువుల ఏరేటర్ల పుణ్యమా అని మోటార్ వైండింగ్ షాపులకి కొదవ లేదు. కానీ వాళ్లు రోజూ చేసేది ఏసీ మోటార్లు, డీసీ ఆర్మేచర్ వేరే పని. పాత ట్రాక్టర్ డైనమోలు, సెల్ఫ్ మోటార్లు చుట్టిన మనిషి ఎవరని అడిగి ఆయన దగ్గరికే వెళ్లండి. పాత వైండింగ్ విప్పే ముందు చుట్ల లెక్క, వైరు గేజ్, కాయిల్ ఏ రేకు నుంచి ఏ రేకుకి వెళ్తుందో రాసుకోమని చెప్పండి, ఫోనులో ఫొటోలు మీరే తీసుకోండి.

అన్నీ బాగుండి కూడా సున్నానే వస్తుంటే జీవం పోయిందనుకోవాలి. పోల్ షూలలో మిగిలే కాస్త అయస్కాంతమే డైనమోకి ఆధారం, ఏళ్ల తరబడి నిలిపేసినా, విప్పి బిగించినా అది పోవచ్చు, బ్యాటరీ తిరగేసి పెడితే దిశ మారిపోవచ్చు. ఇంజన్ ఆపి, ఎఫ్ వైరు ఊడదీసి, బ్యాటరీకి ఎర్త్ కాని టెర్మినల్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కి ఒక్కో క్షణం చొప్పున రెండు మూడు సార్లు తాకించండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అది మామూలే. ఆటోలైట్ రకానికి ఇలా చెయ్యకూడదు, అక్కడ రెగ్యులేటర్ దగ్గర బ్యాటరీ, ఆర్మేచర్ టెర్మినళ్లని క్షణం పాటు కలుపుతారు.

డైనమో నిర్దోషి అని తేలితే వైర్లు దానికి బిగించేసి, ఇప్పుడు కటౌట్ పెట్టె దగ్గర డి, ఎఫ్ వైర్లు ఊడదీసి, ఆ వైర్లని ఒకదానితో ఒకటి కలిపి అదే పరీక్ష మళ్లీ చేయండి. ఇక్కడ వోల్టేజీ రాకపోతే మధ్యలో వైరు పోయింది. వస్తే తప్పు పెట్టెలోనే, లేదా దాని ఎర్త్‌లో. ఎర్త్ ముందు చూడమని బతిమాలుతున్నాను. ఆ పెట్టె మీద ఇ అని ఉన్న టెర్మినల్ నుంచి బాడీకి వెళ్లే వైరు, ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య అల్లిక పట్టీ, బ్యాటరీ ఎర్త్ పట్టీ, ఈ మూడూ మన తేమకి పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. ఇ వైరు సరిగ్గా ఆనకపోతే రెగ్యులేటర్ తన పని సరిగ్గా చెయ్యదు, డైనమో అదుపు లేకుండా కొడుతుంది, బల్బులు వరసగా మాడతాయి, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి. ఈ లక్షణాలు కనిపిస్తే బ్యాటరీ కంపెనీని తిట్టే ముందు ఆ వైరు చూడండి.

పెట్టె లోపల, ఆర్‌బి106 రకంలో, రెండు బాబిన్లు (తీగ చుట్టిన కండెలు) ఉంటాయి, ఒకటి కటౌట్, ఒకటి రెగ్యులేటర్. బ్యాటరీ ఊడదీశాకే మూత తెరవండి. రెగ్యులేటర్ పాయింట్లని సన్నటి కార్బోరండం రాయితో, కటౌట్ పాయింట్లని మాత్రం సన్నటి గ్లాస్ పేపరుతో శుభ్రం చేసి, స్పిరిట్ గుడ్డతో తుడవండి. రెంటికీ ఒకటే వాడకండి, కటౌట్ పాయింట్ల లోహం మెత్తన. చాలా పెట్టెలు ఇంతటితోనే లేచి కూర్చుంటాయి. కటౌట్ 12.7, 13.3 వోల్టుల మధ్య టక్కున కలవాలి. రెగ్యులేటర్ సెట్టింగు చూడాలంటే పెట్టె మీద ఎ, ఎ1 టెర్మినళ్ల వైర్లు ఊడదీసి, ఆ రెండు వైర్లని పెట్టె బయట ఒకదానితో ఒకటి కలిపి, బ్యాటరీ మళ్లీ బిగించి, డి నుంచి ఎర్త్‌కి మీటరు పెట్టి, ఇంజన్ వేగం మెల్లగా పెంచండి. ముల్లు 16 వోల్టుల దగ్గర ఒకసారి వణికి నిలబడాలి. ఇది ఈ రకానికి డైనమోకి బ్యాటరీ కలపకుండా వచ్చే లెక్క, 20 డిగ్రీల చల్లదనంలో 16 నుంచి 16.6, వేడి పెరిగే కొద్దీ కాస్త తగ్గుతుంది. అందుకే మే నెల మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, రెగ్యులేటర్ సెట్టింగు స్క్రూ తిప్పడం అర నిమిషంలో ముగించాలి. అంతకంటే ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి మీటరు తప్పు చెప్తుంది. ఆర్‌బి340 అనే మూడు బాబిన్ల పెట్టెకి అంకెలు వేరు, దానికి ఇవి పెట్టకండి.

అంతా బిగించాక రాత్రి పూట హెడ్‌లైట్లు వేసుకుని, సిద్ధాంతం వంతెన వైపో జొన్నాడ వైపో హైవే మీద గంటకి యాభై వేగంతో ఓ పావుగంట నడపండి, పక్కన కూర్చున్న వాళ్లు బ్యాటరీకి పెట్టిన మీటరు చూస్తూ ఉండాలి. లైట్లు వెలుగుతుండగా 13 పైన నిలబడితే మీ డైనమో తన పని తను చేస్తోంది. 15 దాటి పోతుంటే ఇంటికి నెమ్మదిగా వచ్చేసి రెగ్యులేటర్ దగ్గరికి, దాని ఎర్త్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.